చేతితో తిప్పే డిస్కు మరమ్మతు యంత్రం: అప్పగింతలు దక్కాయి, జాతర పాటలు దక్కలేదు

మా అక్క పెండ్లి 2008లో హన్మకొండలో జరిగింది. ఆ వీడియో మూడు డీవీడీల్లో ఉండగా, మూడవ డిస్కు చివరన అప్పగింతలు మొదలవగానే బొమ్మ చదరాలు చదరాలుగా చెదిరి ఆగిపోయేది. ఆ భాగం చూడాలని మా అమ్మ పట్టుబట్టడంతో, గీతలు పోగొడుతుందన్న యంత్రమొకటి ఆన్‌లైన్‌లో 850 రూపాయలు పెట్టి తెప్పించాను. ఇంట్లోని తొమ్మిది పాత డిస్కులను నెల రోజులపాటు దానితో బాగుచేయడానికి ప్రయత్నించిన తర్వాత ఇది రాస్తున్నాను.

యంత్రం చిన్న టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. డిస్కు మెరిసే వైపు నీలిరంగు ద్రవం చల్లి, లోపల బిగించి పిడి తిప్పితే, గరుకు పట్టీ ఉన్న చిన్న చక్రం డిస్కును కేంద్రం నుంచి అంచు వైపు రుద్దుతూ మెల్లగా చుట్టూ తిప్పుతుంది. పని పూర్తయ్యాక డిస్కును వెలుతురులో పెట్టి చూస్తే సూర్యకిరణాల్లా సన్నటి గీతలు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ఉన్నది కూడా చెడగొట్టానని నేను కంగారుపడ్డాను కానీ, ఆ గీతల వల్ల ఇబ్బంది లేదు. డిస్కులోని సమాచారం లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టలుగా సాగుతుంది. దానికి అడ్డంగా పడిన సన్నటి గీత ఒక్కో చుట్టలో కొద్దిపాటి ముక్కనే కప్పుతుంది కనుక ప్లేయర్ ఆ లోపాన్ని తనే సరిదిద్దుకుంటుంది. సీడీలో సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పొడవు వరకు పోయిన సమాచారాన్ని లెక్కగట్టి పూడ్చుకునే ఏర్పాటు ఉంది. చుట్ట వెంబడే సాగిన గీత ఆ హద్దును సులువుగా దాటిపోతుంది. డిస్కును గుండ్రంగా తుడవకూడదు, నిలువుగా కేంద్రం నుంచి అంచుకు తుడవాలి అనడంలో ఉన్న మర్మం ఇదే.

మా పెండ్లి డిస్కుపై గీత సరిగ్గా బయటి అంచు దగ్గరే ఉంది. చివరి దృశ్యాలు నమోదయ్యేది కూడా అక్కడే. గోరు మెల్లగా ఆనిస్తే చిక్కుకోనంత పైపై గీత అది. రెండు విడతలు తిప్పిన తర్వాత అప్పగింతలు ఎక్కడా ఆగకుండా నడిచాయి. తొమ్మిదింటిలో ఐదు ఇలాగే పూర్తిగా కోలుకున్నాయి. గోరు చిక్కుకునేంత లోతైన గీతలున్న రెండింటిలో సగం సగమే దక్కింది.

మిగిలిన రెండింటి విషయంలో తప్పు యంత్రానిది కాదు, డబ్బా మీద ‘అన్ని డిస్కులకు’ అని రాసిన వారిది. ఒకటి మేడారం జాతర పాటల వీసీడీ, అంటే వీడియో నింపిన సీడీయే. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, సమాచారం ఉండే పొర మెరిసే వైపు కాక లేబుల్ కిందనే, పలుచటి పూత చాటున ఉంటుంది. మెరిసే వైపు పడిన గీత కిటికీ అద్దం మీది గీత వంటిది, రుద్దితే పోతుంది. లేబుల్ వైపు చెక్కు లేచిందంటే మాత్రం పాటే ఊడిపోయినట్టు. ఆ వీసీడీని ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టుకుంటే సూదిబెజ్జాల్లా వెలుగు చుక్కలు కనిపించాయి. ఇది ముందే చూసి ఉంటే అంతసేపు పిడి తిప్పేవాడిని కాదు. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి ఉండి, సమాచారం నడుమ భద్రంగా ఉంటుంది కాబట్టి దానికి ఈ భయం తక్కువ. రెండవది ఇంట్లో రాసుకున్న డీవీడీ. దానిపై గీత ఒక్కటీ లేదు కానీ, ఇటువంటి డిస్కుల్లో సమాచారాన్ని పట్టి ఉంచే రంగు ఎండకు, వేడికి చెడిపోతుంది. కిటికీ పక్క అరలో మన వరంగల్ ఎండాకాలాలు ఎన్నో గడిపిన డిస్కు అది. ఇక బ్లూ-రే డిస్కును ఇందులో పెట్టనే వద్దు. దాని సమాచారం పైకి కేవలం 0.1 మిల్లీమీటరు లోతున, గట్టి రక్షణ పూత కింద ఉంటుంది. ఆ పూతను అరగదీయడం వల్ల నష్టమే తప్ప లాభం లేదు.

యంత్రం లేకుండా పని జరగదా అంటే, ఓపిక ఉంటే జరుగుతుంది. కార్లకు వాడే మెత్తటి పాలిష్‌ను పాత నూలు పంచె ముక్కతో అద్ది, కేంద్రం నుంచి అంచుకు పదిహేను నిమిషాలు రుద్దగా ఒక పాటల సీడీ ఇంచుమించు యంత్రం చేసినంత బాగా వచ్చింది. తెల్లటి టూత్‌పేస్టు కూడా కొంత పనిచేసింది. పండ్లు తోముకునే పొడి మాత్రం ముతకగా ఉండి, డిస్కును మసకబార్చింది. థిన్నర్, అసిటోన్ వంటివి డిస్కు తయారైన పాలికార్బొనేట్ ప్లాస్టిక్‌ను తినేస్తాయి కనుక వాటి జోలికి పోకూడదు.

డిస్కు ఒకసారి నడిచిందంటే ఆ పూటే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి, ఎందుకంటే రుద్దిన ప్రతిసారీ ప్లాస్టిక్ కొంత అరుగుతుంది. సగమే దక్కిన రెండు డిస్కులకు నేను డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం వాడాను. అది చదవగలిగినదంతా ముందు తీసుకుని, మొరాయించిన చోట్లకు తర్వాత తిరిగి వెళ్తుంది. ల్యాప్‌టాప్ డ్రైవ్ వదిలేసిన భాగాలు కొన్ని పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లో వచ్చాయి కాబట్టి, పారేయబోయే ముందు డ్రైవ్ మార్చి చూడడం మంచిది.

ధర విషయంలో నాకు అసంతృప్తి ఉంది. ద్రవం ఆరవ డిస్కుకే అయిపోయింది, ఆ తర్వాత మామూలు నీళ్లు చల్లితే పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. చక్రం గరుకు ఇప్పటికే తగ్గింది, విడి చక్రం అమ్మకానికి లేదు. డిస్కులు పదీ ఇరవై ఉన్నవారు కొనవచ్చు. ఒక్క పెండ్లి డీవీడీ కోసమైతే కారు పాలిష్ డబ్బా, పంచె ముక్క చాలు.