మిర్యాలగూడ రైస్ మిల్లులో జీతాల సాఫ్ట్‌వేర్: ఎనిమిది నెలల వాడకం తర్వాత సమీక్ష

మిర్యాలగూడ దగ్గరి ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో నేను లెక్కల విభాగం చూస్తాను. గుమాస్తాలు, బాయిలర్ ఆపరేటర్లు, డ్రయ్యర్ దగ్గర పనిచేసేవారు, డ్రైవర్లు, కాపలావారు కలిపి మా జీతాల పట్టీలో 140 మంది ఉన్నారు. వీరి హాజరు, సెలవులు, జీతాలు, పీఎఫ్ (భవిష్యనిధి), ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) లెక్కలన్నీ 2025 జులై నుంచి హైదరాబాద్‌లోని ఒక సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తున్నాయి. అందులోని లోపాలు కూడా చెప్పదలచుకున్నాను కనుక సంస్థ పేరు రాయడం లేదు. సాఫ్ట్‌వేర్ కన్నా, దాన్ని తెచ్చుకునే ముందు మేం మూడు నెలలు చేసుకున్న తయారీ గురించే ఎక్కువగా రాస్తున్నాను. కొనేటప్పుడు మాకు ఎవరూ చెప్పనిది అదే.

ఏప్రిల్ 1న మొదలుపెడదామని సంస్థవారు పట్టుబట్టారు. ఆదాయపు పన్ను లెక్కకూ, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు సాగే ఈఎస్‌ఐ చందా కాలానికీ అది సరైన తేదీయే. కానీ సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి కోతలు సాగుతూ, ధాన్యం ట్రాక్టర్లు మిల్లు గేటు ముందు బారులు తీరే నెల కూడా అదే. ఆ రోజుల్లో కాంటా దగ్గర నుంచి ఒక్క మనిషిని కూడా పక్కకు తీయలేం. వానాకాలం ధాన్యం దిగే అక్టోబరు, నవంబరు నెలలూ అంతే. అందుకే జులైని ఎంచుకున్నాం. దానివల్ల ఏప్రిల్, మే, జూన్ నెలల జీతాలు, వాటిలోంచి కోసిన మొత్తాలు మనిషి మనిషికీ విడిగా ఎక్కించవలసి వచ్చింది. మళ్లీ చేయవలసి వచ్చినా నేను జులైనే ఎంచుకుంటాను.

అన్నిటికంటే ఎక్కువ కాలం తీసుకున్నది కార్మికుల వివరాలను సరిచూడడం. ఆధార్‌లో లక్ష్మమ్మ, బ్యాంకు పుస్తకంలో లచ్చమ్మ, మా హాజరు పట్టీలో ఇంటిపేరు మాత్రమే; ఒకచోట సైదులు, మరోచోట సైదయ్య. యూఏఎన్‌కు, అంటే పీఎఫ్‌లో ప్రతి సభ్యుడికీ ఇచ్చే సంఖ్యకు, ఆధార్ అనుసంధానం కాకపోతే ఆ మనిషి పీఎఫ్ చందా జమచేయడమే కుదరదు కనుక, వీటిని చూసీచూడనట్టు వదిలేయలేం. బ్యాంకు వివరాలది మరో తంటా. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. మన జిల్లాలోని ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్) శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంక్ కిందికి వచ్చాయి. మా దగ్గరున్న పాత వివరాలు చాలావరకు ఆ మార్పులకు ముందు రాసుకున్నవే. చివరకు ప్రతి ఒక్కరినీ పాస్‌బుక్ తెమ్మని అడిగి, పక్కన కూర్చోబెట్టుకుని సరిచూశాం. పుట్టిన తేదీల్లో ఇద్దరికి తేడా కనిపించింది. 58 ఏళ్లు నిండిన వారికి యాజమాన్యం వాటాలోని పెన్షన్ భాగం, అంటే 8.33 శాతం, ఆగిపోయి పీఎఫ్ ఖాతాలోకే వెళ్లాలి. తేదీ తప్పయితే సాఫ్ట్‌వేర్ ఆ తప్పునే నెలనెలా చక్కగా కొనసాగిస్తుంది.

ఇక రాతలో లేని నియమాల సంగతి. మా పెద్ద గుమాస్తాగారు ఎన్నో ఏళ్లుగా ఎక్సెల్‌లో జీతాలు వేస్తున్నారు. దసరా అడ్వాన్స్ ఎవరికి ఎన్ని వాయిదాల్లో కోయాలో, ఆదివారం పనిచేస్తే ఏమివ్వాలో ఆయనకు కంఠతా వచ్చు. సంస్థ తరఫున వచ్చిన అమ్మాయి ఇవన్నీ ఒక్కొక్కటిగా అడిగినప్పుడు, ఆదివారం పనికి బాయిలర్ విభాగంలో బదులు సెలవు, డ్రయ్యర్ విభాగంలో రెట్టింపు కూలి ఇస్తున్నట్టు బయటపడింది. యజమానికే ఈ తేడా తెలియదు. మొత్తం 23 నియమాలు తెలుగులో రాసి, ఆయన సంతకం తీసుకుని, నోటీసు బోర్డుకు అంటించాం. కార్మికులకు సాఫ్ట్‌వేర్ కన్నా ముందు అందిన మేలు ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. గుమాస్తాగారు తన పని పోతుందేమోనని మొదట్లో కుంగిపోయారు. సరిచూసే బాధ్యతను రాతపూర్వకంగా ఆయనకే అప్పగించాక కుదుటపడ్డారు.

జులై, ఆగస్టు నెలల జీతాలను పాత ఎక్సెల్‌లోనూ, కొత్త సాఫ్ట్‌వేర్‌లోనూ రెండు విధాలా వేసి పోల్చాం. జూన్‌లో జీతం పెరిగి 22,400 రూపాయలకు చేరిన ఒక బాయిలర్ ఆపరేటర్‌ను, ఈఎస్‌ఐకి ఉన్న 21,000 నెల జీతం పరిమితి దాటాడని సాఫ్ట్‌వేర్ దాని నుంచి తప్పించింది. చందా కాలం మధ్యలో పరిమితి దాటినవారు సెప్టెంబరు చివరి వరకు కొనసాగాలి. ఆయన వాటా 168 రూపాయలు, మిల్లు వాటా 728 రూపాయలు. మొత్తం చిన్నదే కావచ్చు గానీ, ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి అవసరం పడితే ఆ కుటుంబానికి దిక్కు ఆ చందాయే. ఏప్రిల్ నుంచి జూన్ వివరాలు ఎక్కించేటప్పుడు ఈఎస్‌ఐ గడి ఖాళీగా వదలడం మా పొరపాటు. ఖాళీ ఉందని హెచ్చరించకపోవడం సాఫ్ట్‌వేర్ లోపం. రెండు నెలలు పోల్చి చూడకపోతే ఇది మా కంటపడేదే కాదు.

సాఫ్ట్‌వేర్‌లో బాగున్నవి: తెలంగాణ వృత్తి పన్ను శ్లాబులు సరిగ్గా ఉన్నాయి, 15వ తేదీలోగా పీఎఫ్ కట్టడానికి కావలసిన ఫైలు నిమిషాల్లో సిద్ధమవుతుంది, పే స్లిప్ తెలుగులో ఫోన్‌కు వస్తుంది. నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చినప్పుడు, మొత్తం జీతంలో అలవెన్సులు సగానికి మించితే ఆ మించిన భాగాన్నీ వేతనంగానే లెక్కించాలి కనుక, అలాంటివారి జాబితాను అడగకుండానే పంపారు. బాగాలేనివి: రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు సాగే షిఫ్టును మొదట్లో రెండు రోజుల గైర్హాజరుగా చూపింది, దాన్ని సరిచేయడానికి మూడు వారాలు పట్టింది. పనిలో చేతులు అరిగిన వారి వేలిముద్రలను యంత్రం గుర్తించకపోవడంతో ముఖం గుర్తించే యంత్రానికి మారాం, ఆ ఖర్చు వేరు.

అసలు వెలితి హమాలీల విషయంలో ఉంది. బస్తాకు ఇంత అని ముఠాకు లెక్కగట్టి, దాన్ని ఆ రోజు వచ్చినవారికి పంచే పద్ధతి ఈ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఉందని అమ్మేటప్పుడు చెప్పారు. చూపించమని అడగకపోవడం మా తప్పు. నెల జీతాల మీద నడిచే పాఠశాలలకు, ఆసుపత్రులకు దీన్ని సంతోషంగా సిఫారసు చేస్తాను. మిల్లులవారు మాత్రం తమ ముఠా పుస్తకంలోని ఒక వారం లెక్కను పట్టుకెళ్లి, దాన్ని కళ్లముందు వేసి చూపించిన తర్వాతే ఒప్పందం మీద సంతకం చేయాలి. మా హమాలీల లెక్క ఇప్పటికీ చేతిరాత పుస్తకంలోనే ఉంది. వానాకాలం ధాన్యం రాకముందే ఆ భాగం ఇవ్వాలని సంస్థకు లేఖ రాశాం.