మూడేళ్లుగా పోల్ ఎక్కుతున్నాను

బెంగళూరులో మూడేళ్లుగా వారానికి రెండు సాయంత్రాలు పోల్ డాన్స్ క్లాసుకు, అంటే నిలువు లోహపు గొట్టం పట్టుకుని ఎక్కుతూ తిరుగుతూ చేసే డాన్స్ నేర్చుకోడానికి వెళ్తున్నాను. చేరినప్పుడు నాకు 33 ఏళ్లు, ఒక్క పుల్-అప్ కూడా వచ్చేది కాదు. ఇప్పుడు రెండొస్తాయి, నవ్వకండి.

అందరూ అడిగేది చేతుల్లో బలం ఉండాలా అని. బలం వెళ్తుంటే అదే వస్తుంది. అసలు తంటా చర్మంతో. పోల్‌ని పట్టేది చేతులొక్కటే కాదు, తొడల లోపలి వైపు, మోకాలి వెనక మడత, నడుము, చంక కూడా. మధ్యలో బట్ట ఉంటే జారిపోతాం. పొట్టి నిక్కర్లు వేసుకునేది అందుకే. మొదటి నెల సిగ్గుపడి లెగ్గింగ్స్‌తో వెళ్లాను. తొడలతో బిగించి గాల్లో కూర్చునే పోల్ సిట్ చేయబోతే సర్రున కింద పడ్డాను. నిక్కరు కొన్నాక జారలేదు గానీ, మంటకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వారమే అమ్మ ఊరి నుంచి వచ్చింది. నా తొడల మీద కమిలిన మచ్చలు చూసి, నాతో ఏమీ అనకుండా మా ఆయన వంక అదోలా చూసింది. క్లాసు వీడియో చూపించాకే ఆయనకు కాఫీ దొరికింది.

క్లాసు రోజు ఒంటికి నూనె, మాయిశ్చరైజర్ రాయకూడదు. వానాకాలం చెమటకి జారతాం, చలికాలం చర్మం పొడిబారి క్రోమ్ పోల్‌కి అసలు అంటదు. చెమట చేతులకి ఇత్తడి పోల్ నయం. మా దగ్గర అది ఒక్కటే ఉంది, దానికోసం పది నిమిషాలు ముందే వెళ్తాను.

నేను మొదట చేరిన స్టూడియోలో నాలుగు పోల్స్‌కి పద్నాలుగు మందిమి. కింద పరుపుల్లేవు. మూడో క్లాసుకే తలకిందులు చేయించారు, భుజం పట్టేసి ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నాను. ఇప్పటి చోట పోల్‌కి ఇద్దరమే, మందపాటి పరుపు ఉంటుంది, వార్మప్‌కే ఇరవై నిమిషాలు. ఫీజు ఎక్కువే, అయినా మానలేదు.

ఆ పాత స్టూడియో గోడ మీద 'పోల్ డాన్స్ మన ప్రాచీన మల్లఖంబ్ నుంచి పుట్టింది' అని రాసి ఉండేది. నాకు అది నచ్చదు. మల్లఖంబ్ మహారాష్ట్రలో మల్లయోధుల కసరత్తు. 19వ శతాబ్దం మొదట్లో, పీష్వా రెండో బాజీరావు కాలంలో, బాలంభట్ దాదా దేవధర్ దానికి మళ్లీ ప్రాణం పోశాడంటారు. అది లావుపాటి కొయ్య స్తంభం, చర్మం ఒరుసుకోకుండా ఆముదం రాస్తారు. మా రాయలసీమ ఉట్లమానుకైతే ఎక్కేవాడు జారాలనే జిగురు పూసి, పైనుంచి నీళ్లు కూడా పోస్తారు! గుంజ ఎక్కే సరదా అన్ని చోట్లా ఉంది, ఒప్పుకుంటాను. కానీ నేను పట్టుకునేది 45 మిల్లీమీటర్ల స్టీలు గొట్టం. దాని చుట్టూ తిరిగే ఈ స్పిన్‌లు, ఈ ఎత్తు మడమల చెప్పులు అమెరికా, కెనడా స్ట్రిప్ క్లబ్బుల్లో రాత్రిళ్లు పనిచేసిన ఆడవాళ్ల దగ్గర్నుంచి వచ్చినవి. మామూలు ఆడవాళ్లకు దీన్ని నేర్పడం మొదలుపెట్టిన తొలివాళ్లలో కెనడాకు చెందిన ఫానియా మాండే ఒకరు, అది 1990లలో. 2017లో పోల్ స్పోర్ట్స్ అంతర్జాతీయ సమాఖ్యకు క్రీడా సమాఖ్యల ఉమ్మడి సంస్థ పరిశీలక హోదా కూడా ఇచ్చింది. ఆ క్లబ్బుల ఆడవాళ్ల చెప్పులు తొడుక్కుని, వాళ్ల పేరెత్తడానికి సిగ్గుపడి పహిల్వాన్ల చాటున దాక్కోవడం ఏం మర్యాద?

ఏ భంగిమైనా రెండు వైపులా రావాలంటుంది మా టీచర్. ఒక మోకాలి మడతతో తలకిందులుగా వేలాడే జెమిని నాకు కుడివైపు బాగానే కుదిరింది. ఎడమవైపు మాత్రం, ఆవిడ అరచెయ్యి నా మెడ కింద తగిలితేగానీ ఇప్పటికీ చేతులు వదలను.