ఫోర్ యాక్సిస్‌లో ఇండెక్సింగా, ర్యాపింగా, కంటిన్యుయస్సా: ఏ జాబ్‌కు ఏది మేలు?

ఒడిశాలోని రాయగడ, జేకేపూర్, తేరుబలి వైపు చిన్న వర్క్‌షాపులకు వచ్చేవి ఎక్కువగా ఫ్యాక్టరీ స్పేర్లే. అరిగిపోయిన ముక్క తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇలాంటిదే చేసివ్వండి, లైన్ ఆగిపోయింది" అంటారు. డ్రాయింగ్ ఉండదు, టైమూ ఉండదు. ఆ టెన్షన్‌లో టూల్‌పాత్, అంటే కట్టర్ నడిచే దారి, ఎంచుకోవాలి.

వీఎంసీకి (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్) కొత్తగా రోటరీ టేబుల్, అంటే జాబ్‌ను తిప్పే నాలుగో యాక్సిస్, బిగించిన కుర్రాళ్లు "అన్నా, నాలుగు యాక్సిస్‌లూ కలిసి కదిలేదే మంచిది కదా?" అని అడుగుతుంటారు. నా జవాబు ఒక్కటే. ముందు ఇండెక్సింగ్‌తో అయ్యే పనేమో చూడండి. కానప్పుడే మిగతావి.

ఇండెక్సింగ్‌లో ఎ యాక్సిస్ (ఆ రోటరీ తిరుగుడు) కావలసిన కోణానికి తిరిగి, బ్రేక్ పట్టి ఆగుతుంది. ఆ తర్వాత మామూలు త్రీ యాక్సిస్ పనే. బ్రేక్ పట్టి ఉంటుంది కాబట్టి కోత గట్టిగా వేయొచ్చు. కీవేలు (షాఫ్ట్‌లో కీ కూర్చునే గాళ్లు), ఫ్లాట్‌లు, ఫ్లాంజ్ చుట్టూ హోల్స్, అన్నీ ఇందులో అయిపోతాయి. ప్రోగ్రామ్ చదివి మెషిన్ దగ్గరే సరిచేసుకోవచ్చు. జాగ్రత్తంతా రోటరీ సెంటర్ పట్టుకోవడంలోనే ఉంది. సెంటర్ ఎత్తు 0.05 మిల్లీమీటర్లు తప్పితే, 180 డిగ్రీలు తిప్పి రెండువైపులా కోసిన ఫ్లాట్ల మధ్య మందం 0.1 తేడా వస్తుంది.

ర్యాపింగ్ దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువ జాబ్‌లు పాడయ్యేది ఇక్కడే. కాగితం మీద గీసినట్టు గాడిని చదునుగా గీస్తే, సాఫ్ట్‌వేర్ దాన్ని సిలిండర్‌కు చుట్టేస్తుంది. వై కదలిక బదులు ఎ తిరుగుతుంది. 80 మిల్లీమీటర్ల డయాకు చుట్టుకొలత 251.3, అంటే ఒక మిల్లీమీటరుకు సుమారు 1.43 డిగ్రీలు. డ్రమ్ క్యామ్‌లో (చుట్టూ గాడి ఉన్న సిలిండర్) 12 మిల్లీమీటర్ల రోలర్ నడిచే గాడి కావాలనుకోండి. 12 ఎండ్‌మిల్‌తో గాడి మధ్య నుంచి పోతే ర్యాపింగ్‌కు మించింది లేదు. 12 లేదని 8 కట్టర్ పెట్టి, అటు 2, ఇటు 2 జరిపి కోస్తే? పైన వెర్నియర్‌కు 12 వస్తుంది. కానీ కట్టర్ ఎప్పుడూ సెంటర్ వైపే చూస్తుంది కాబట్టి, ఇరుసు వెంట పోయే చోట గాడి అడుగుకు పోయేకొద్దీ ఇరుకవుతుంది. 8 లోతులో అడుగున 11.2 మాత్రమే మిగులుతుంది, రోలర్ పట్టేస్తుంది. చిన్న కట్టరే వాడక తప్పకపోతే వై కూడా కదిలే మల్టీయాక్సిస్ టూల్‌పాత్ వేయాలి.

ఫీడ్ కూడా చూసుకోవాలి. చాలా కంట్రోళ్లు ఎ ఒక్కటే తిరిగేటప్పుడు ఫీడ్ కోసం ఇచ్చిన ఎఫ్ 600ని నిమిషానికి 600 డిగ్రీలుగా తీసుకుంటాయి. 80 డయా మీద అది సుమారు 420 మిల్లీమీటర్లు. అదే 300 డయా రోలర్ మీద 1570 దాటుతుంది, కట్టర్ విరుగుతుంది. టూల్‌పాత్‌ను మెషిన్ కోడ్‌గా మార్చే పోస్ట్ ప్రాసెసర్ జీ 93 (ఫీడ్‌ను కదలికకు పట్టే సమయాన్ని బట్టి ఇచ్చే కోడ్) ఇస్తోందో లేదో ముందే చూడండి.

ఇక కంటిన్యుయస్, అంటే నాలుగు యాక్సిస్‌లూ కలిసి కదిలేది. ఆకారం చుట్టూ మారుతూ పోయే స్క్రూ, లోబ్ లాంటి జాబ్‌లకు ఇదే దారి. ఎ యాక్సిస్ బ్రేక్ వదిలి తిరుగుతుంటుంది, కాబట్టి టేబుల్‌ను తిప్పే వర్మ్ గేర్‌లో బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య వదులు) ఉంటే నేరుగా ఫినిష్‌లో కనిపిస్తుంది. బాల్‌నోస్ (గుండ్రటి కొన కట్టర్) సరిగ్గా సెంటర్ మీద నడిస్తే కొన దగ్గర కోత వేగం సున్నా. అది కోయదు, రుద్దుతుంది. కట్టర్‌ను వైలో కాస్త పక్కకు జరిపితే కోత అంచు మీదికి వస్తుంది, మెరుపు తేడా కంటికే తెలుస్తుంది. రఫింగ్ (ముందు వేసే మోటు కోత) కూడా కంటిన్యుయస్‌లోనే చేయడం నాకు నచ్చదు. నాలుగు కోణాల్లో ఇండెక్స్ చేసి లోహం తీసేసి, చివరి 0.3 మాత్రం దీనికి వదిలితే టేబుల్ మీద భారం తగ్గుతుంది.

ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) తెచ్చినవాళ్లకు మాత్రం రెక్కలు చూడకుండా మాట ఇవ్వకండి. ఫోర్ యాక్సిస్‌లో ఎ చుట్టూ వాలు మాత్రమే దొరుకుతుంది, ఇరుసు దిశగా కట్టర్ వాలదు. రెక్క అటువైపు ఒరిగి కింద చాటు ఉంటే ఏ టూల్‌పాత్ వేసినా అందదు. అది ఫైవ్ యాక్సిస్ ఉన్నచోటికి పంపాల్సిన జాబ్.