ఏఈ కొలువా, ఎంఏ ఎకనామిక్సా: కరెంటు చదివిన పిల్లకు ఏది మేలు?

మా అక్క బిడ్డ నిరుడు బీటెక్‌లో ట్రిపుల్ఈ, అంటే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, పూర్తి చేసింది. వాళ్లది దేవరకొండ దగ్గర ఊరు. సద్దుల బతుకమ్మ నాడు అందరం తింటుండగా, "మామా, నేను ఎంఏ ఎకనామిక్స్ చదువుతా" అన్నది. బావ చేతిలో మలీద ముద్ద అట్లనే ఆగిపోయింది.

"కరెంటు సదివిన పిల్ల కొలువుకు పోవాలె గాని, మల్ల ఎంఏ ఏంది?"

ఆమె మనసులో ఉన్నది ఇదీ: మన జిల్లాలకు కరెంటు ఎట్ల వచ్చింది, ముందు ఎవరికి వచ్చింది, వచ్చాక ఎవరు బాగుపడ్డారు, ఎవరు మునిగారు, ఇదంతా లెక్కలతో సహా తేల్చాలి. అంటే ఇంధనం తెలిసిన మనిషి, ఆర్థిక చరిత్ర తెలిసిన మనిషి, ఇద్దరూ తానే కావాలి. ఆ పేరుతో మన దగ్గర ఏ నోటిఫికేషనూ పడదు. బావ టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. నేను నల్లగొండలో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్తాను, అందుకని పంచాయితీ నా మీద పడింది. పీహెచ్‌డీ మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాణ్ణి కూడా నేనే. ఆ సంగతి ముందే చెప్పి మొదలుపెట్టడం న్యాయం.

ముందు బావ పక్షం చూద్దాం. 2022లో మన దక్షిణ తెలంగాణ డిస్కం, అంటే కరెంటు పంపిణీ కంపెనీ, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. మూలవేతనమే అరవై వేల పైన. ఊళ్లో ఇల్లు కట్టాలన్నా, తమ్ముడి చదువు సాగాలన్నా ఇంతకంటే గట్టి ఆధారం ఏముంటుంది? పైగా అది ఉత్త జీతం కాదు, చదువు కూడా. సబ్‌స్టేషన్‌లో గంటగంటకూ ఫీడర్ (అక్కడి నుంచి ఊళ్లకు పోయే లైను) ఆంప్స్ రాసే లాగ్‌బుక్ ఉంటుంది. ఏ ఫీడర్ మీద లోడ్ ఎప్పుడు ఎక్కుతుంది, యాసంగి నాట్లప్పుడు ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు కాలుతాయి, ఎల్‌సీ, అంటే లైను బంద్ చేయించిన అనుమతి, తీసుకోకుండా పోలెక్కితే ఏమవుతుంది, ఇవి ఏ యూనివర్సిటీ క్లాసులోనూ దొరకవు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులే చందాలేసుకుని ట్రాక్టర్ మీద రిపేరుకు తీసుకుపోవడం చూసినవాడికి "ఉచిత కరెంటు" అనే మాట వినిపించే తీరే వేరు.

కానీ ఆ నోటిఫికేషన్‌లో ఉన్నవి 70 పోస్టులు. డెబ్బై! రాసేవాళ్లు వేలల్లో. హైదరాబాద్‌లో అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కోచింగ్ రూముల్లో కూర్చుని, తర్వాతి నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని మూడేళ్లు ఎదురుచూసిన పిల్లలు నాకు తెలుసు. ఈ మూడేళ్ల ఖర్చును మన ఇళ్లలో చదువు ఖర్చు కింద రాయరు, అదృష్టం ఖాతాలో వేస్తారు.

ఇక ఆమె పక్షం. దీని మీద నాకే అనుమానాలు ఎక్కువ. ఎంఏ ఎకనామిక్స్‌లో చేరితే మొదటి ఏడాదంతా మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్. ఆర్థిక చరిత్ర సాధారణంగా ఒక ఆప్షనల్ పేపర్, అదీ చెప్పే సారు ఉంటే. బీటెక్ పిల్లకు లెక్కలు ఇబ్బంది కాదు గానీ, మోటారు గురించి మాట్లాడదామని పోయి డిమాండ్ కర్వులు గీస్తూ కూర్చోవాల్సి వస్తుంది. ఆ తర్వాత పీహెచ్‌డీ. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000. రాకపోతే బావ జేబే. అదయ్యాక కాంట్రాక్టు లెక్చరర్ కొలువు కోసం క్యూ. ఆ క్యూ ఎంత పొడుగో నన్ను అడగండి.

ఇంకో గొడవ కూడా ఉంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలు కొండల్లా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఫార్సీ, ఉర్దూ. ఉర్దూ అచ్చులో అయితే కూడబలుక్కుని చదువుతాను. చేతిరాతలో, అదీ గొలుసుకట్టు రాతలో ఉన్న ఫైలు తెరిచి, రెండు రోజులు కూర్చుని, మూడో రోజు నల్లగొండ బస్సెక్కాను. నా పీహెచ్‌డీ ఆ బస్సులోనే ఆగిపోయింది. ఇంగ్లిష్‌లో దొరికేవీ ఉన్నాయి. 1929-30లో ఎస్. కేశవ అయ్యంగార్ హైదరాబాద్ సంస్థానంలో చేసిన గ్రామాల ఆర్థిక విచారణ అలాంటిది. కానీ ఒక్కదాన్ని పట్టుకుని చరిత్ర రాయలేం కదా.

బయటి ప్రపంచంలో ఈ రెండూ కలిపి బతికినవాళ్లు ఎట్ల బతికారో చూస్తే కొంత దారి కనబడుతుందని ముగ్గురి కథ ఆమెకు చెప్పాను.

ఇంగ్లండ్‌కు చెందిన ఆర్థికవేత్త జెవన్స్ ముందు కొలువు చేశాడు. 1854లో, ఇంకా ఇరవై కూడా నిండకుండా, సిడ్నీ టంకసాలలో లోహం పరీక్షించే పనికి పోయాడు. కొన్నేళ్లు చేసి, దాచుకుని, మళ్లీ లండన్ వచ్చి చదువుకున్నాడు. 1865లో బొగ్గు మీద పుస్తకం రాశాడు. ఆవిరి యంత్రం బొగ్గును పొదుపుగా వాడటం నేర్చుకుంటే దేశంలో బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుంది అన్నాడు. పొదుపైన యంత్రం చవకవుతుంది, చవకైనది ఊరూరా పాకుతుంది. ఇది ఏఈ దారికి దగ్గర: ముందు జీతం, తర్వాత ఆలోచన.

అమెరికాకు చెందిన డేనియల్ యెర్గిన్ది తిరగేసిన దారి. యేల్‌లో ఇంగ్లిష్ సాహిత్యం చదివి, కేంబ్రిడ్జ్‌లో అంతర్జాతీయ చరిత్రలో పీహెచ్‌డీ చేశాడు. నూనె బావుల చదువు కాదు ఆయనది. 1982లో స్నేహితుడితో కలిసి ఇంధన సలహాల కంపెనీ పెట్టాడు, చమురు చరిత్ర మీద రాసిన పుస్తకానికి 1992లో పులిట్జర్ బహుమతి వచ్చింది. మా మేనకోడలికి ఈయన కథే నచ్చింది. నాకు మాత్రం ఒక పేచీ ఉంది. సలహా కొనేది కంపెనీలు, ప్రభుత్వాలు. డబ్బులిచ్చేవాడికి కావాల్సిన ప్రశ్నలే ముందుకొస్తాయి. సలహాదారు చెడ్డవాడు కానక్కర్లేదు, బోరెండిన రైతు అతని కస్టమర్ కాడు, అంతే. ఆ దారి ఇవాళ హైదరాబాద్‌లోనూ ఉంది, జీతాలూ బాగుంటాయంటారు. పీపీటీలు చేయడం మీద ప్రేమ ఉండాలి.

మూడో మనిషి మన పక్కింటివాడు. బెంగుళూరు ఐఐఎస్‌సీలో ఎలక్ట్రోకెమిస్ట్రీ ప్రొఫెసర్ అమూల్య రెడ్డి. ఆ శాస్త్రంలో ప్రపంచమంతా చదివే పాఠ్యపుస్తకం రాసినవాడు. 1974లో గ్రామీణ సాంకేతికత కోసం ఆస్త్ర అనే విభాగం మొదలుపెట్టి, కర్ణాటకలోని పురా అనే చిన్న ఊళ్లో కట్టెపుల్ల నుంచి ఎద్దు చాకిరీ దాకా అన్నీ లెక్కగట్టించాడు. మనుషుల శ్రమలో ఆడవాళ్లదీ పిల్లలదీ కలిపితే మగవాళ్లకంటే ఎక్కువని తేలింది. నీళ్లు మోసేది, కట్టెలు తెచ్చేది, వండేది వాళ్లే కదా. అప్పటిదాకా ఇంధన లెక్క అంటే బొగ్గు, నూనె, కరెంటు. ఆ పట్టికల్లో నెత్తి మీది బిందెకు గడి లేదు. ముగ్గురిలో నా ఓటు ఈయనకే.

అయితే అమూల్య రెడ్డికి అప్పటికే పక్కా ప్రొఫెసర్ కొలువు ఉంది. బావ ఆ పాయింటు వెంటనే పట్టుకున్నాడు.

అసలు నన్ను ఒక పక్కకు లాగింది వేరే విషయం. మన రాష్ట్రంలో వ్యవసాయ కనెక్షన్లు పాతిక లక్షల పైమాటే. వాటికి మీటర్లు లేవు. 1980లలో, ఎంత వాడినా ఏడాదికి హార్స్‌పవర్‌కు 50 రూపాయలే అనే స్లాబు రేటు వచ్చాక మీటరు చూసే పనే లేకపోయింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు, 2000 ఆగస్టు 28న చార్జీల మీద ఉద్యమం బషీర్‌బాగ్ కాల్పుల దాకా పోయింది, 2004 మేలో ఉచిత విద్యుత్తు వచ్చింది, 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. ఇన్ని జరిగినా పొలం దగ్గర మాత్రం ఎంత వాడారో కొలిచేది లేదు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, ఆ శాంపిల్‌ను బట్టి మొత్తం అంచనా వేస్తారు.

ఇప్పుడు చూడండి. డిస్కం కొన్న కరెంటులోంచి మీటర్ల మీద అమ్మినదాన్ని, వ్యవసాయానికి పోయిందని వేసిన అంచనాను తీసేస్తే మిగిలేదే "నష్టం". వ్యవసాయ అంచనా కాస్త పెంచితే నష్టం దానంతటదే తగ్గి కనిపిస్తుంది. వైర్లలో ఏమీ మారలేదు, కాగితంలో మారింది. ఏఈకి ఈ అంకె పైనుంచి వస్తుంది, అట్లనే కిందికి పోతుంది. ఎకనామిక్స్ వాడికి పట్టికలో దొరుకుతుంది, నిజమనుకుని గ్రాఫు గీస్తాడు. ఈ అంకెను ఎవరు, ఏ ఏడాది, దేనికోసం ఇట్ల రాశారు అని అడగాలంటే ఫీడర్ తెలియాలి, ఫైలూ తెలియాలి. కరెంటు చార్జీలు తేల్చే ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) బహిరంగ విచారణల్లో ఏటా ఇదే గొడవ. అక్కడ లేచి మాట్లాడేవాళ్లలో రెండూ తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మన పిల్ల అక్కడ నిలబడితే బాగుండనిపించింది.

ఇట్లాంటి ప్రశ్నలు మన జిల్లాలో ఇంకా ఉన్నాయి. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ స్టేషన్ ఉంది. 800 మెగావాట్లవి ఐదు యూనిట్లు, మొత్తం 4,000. కృష్ణ నీళ్లు పక్కనే, బొగ్గు మాత్రం దూరాన గోదావరి లోయ నుంచి రైలెక్కి రావాలి. బాయిలర్ ఎట్ల నడుస్తుందో ఇంజనీరు చెప్తాడు. బొగ్గు లేని చోట ఎందుకు కట్టారో చెప్పడానికి ఇంకో రకం చదువు కావాలి. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన అయింది. ఆ రాతి ఆనకట్టకు రాళ్లు మోసినవాళ్లలో పాలమూరు లేబర్ ఎందరో. గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు మీద బయల్దేరిన కుటుంబాలు. అక్కడి పవర్‌హౌస్ సామర్థ్యం 815.6 మెగావాట్లని దశాంశంతో సహా రాసుకున్నాం. మోసినవాళ్ల లెక్కను అంత శ్రద్ధగా రాసుకున్నామా?

కాబట్టి నా తీర్పు: ముందు ఎంఏ. కారణం ఆదర్శం కాదు, క్యాలెండర్. ఏఈ పరీక్షకు వయోపరిమితి నలభై దాటాక గానీ అయిపోదు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. రూములో కూర్చుని ఎదురుచూసే రెండేళ్లలోనే ఎంఏ అయిపోతుంది. ఎకనామిక్స్ పుస్తకాల పక్కన ట్రిపుల్ఈ పుస్తకాలూ ఉంచుకోవచ్చు, నోటిఫికేషన్ పడితే రాయొచ్చు. కొలువు వచ్చాక ఎంఏ చేస్తానన్నవాళ్లను చాలామందిని చూశాను. ఓపెన్ యూనివర్సిటీ ఫీజు కడతారు, పుస్తకాలు ఇంటికొస్తాయి, గాలివానకు పోల్స్ పడతాయి, పరీక్ష పోతుంది. ఇంటి మీద అప్పు గట్టిగా ఉంటే మాత్రం నా తీర్పు తిరగబడుతుంది. అప్పుడు ఏఈ లేదా ఏ ప్రైవేటు కొలువైనా సరే, ముందు జీతం. బావకు అప్పు లేదు, ఒక బోరు మాత్రం నిరుడు ఎండింది.

షరతు ఒకటి పెట్టాను. ఉర్దూ ఇప్పటి నుంచే మొదలుపెట్టాలి, చేతిరాతతో సహా. మామకు జరిగింది కోడలికి జరగొద్దు.

మర్నాడు పొద్దున ముగ్గురం బాయికాడికి పోయాం. ఎడ్లతో నీళ్లు తోడిన పాత మోటబావి ఎండి, తుమ్మ చెట్లు మొలిచి ఉంది. పక్కనే 300 అడుగుల బోరు. ఆమె ఫోన్‌లో లెక్క కట్టింది: వెయ్యి లీటర్లను 30 అడుగుల బావి నుంచి పైకి తేవడానికి 0.025 యూనిట్ చాలు, 300 అడుగుల నుంచైతే పావు యూనిట్. మోటారులో, పైపుల్లో పోయేది కలిపితే ఇంకా ఎక్కువ. అవే నీళ్లు, పదింతల కరెంటు. "24 గంటలు ఇచ్చిన కొత్తల మేమే, కరెంటు రాంగనే మోటరు నడిపే ఆటోస్టార్టర్లు పీకేసినం, తొమ్మిది గంటలు చాలన్నం, బోర్లు ఎండుతున్నయని" అన్నాడు బావ. జెవన్స్ చెప్పింది ఇదేనా మామా అని ఆమె నావైపు చూసింది. కరెంటు చవకైతే నీళ్లూ బొగ్గులాగే అయిపోతాయి, కొంచెం తేడాతో, అన్నాను.

మోట లాగిన చోట రాతి మీద తాడు రాసుకుని పడిన గాడి ఇంకా ఉంది. ఆమె వేలు పెట్టి లోతు చూసి, "ఇక్కడ మోట ఎప్పుడు బందయింది నాయినా?" అని అడిగింది.

"కరెంటు వచ్చిన ఎండకాలమే. మా నాయిన ఎడ్లను అమ్మిండు."

వెనక నుంచి వాళ్ల నాయనమ్మ అందుకుంది. "యాడిది! కరెంటొచ్చినంక గుడ రెండేండ్లు మోట గొట్టిర్రు. కరెంటు రాత్రి పూటనే ఇస్తుండె. రాత్రి మోటరు, పొద్దున ఎడ్లు."

"లేదే అమ్మా, అప్పటికే అమ్మినం."

"నువ్వు గప్పుడు శేండ్ల ఉన్నవా, బడికి పోయినవు!"

పిల్ల నోట్‌బుక్ తీసి ఇద్దరి మాటలూ రాసుకుంది, రెండింటికీ పక్కన ప్రశ్నార్థకం పెట్టి. బావ కాసేపు చూసి, ఎడ్ల అమ్మకం రాసిన పాత లెక్కల పుస్తకం అటక మీద ఉండాలె, ఎతుకుత అన్నాడు.