వణికే మైనస్ వోల్టేజికి ఏది మేలు: కెపాసిటర్ పెంచడమా, ఇండక్టర్ తగ్గించడమా, లూప్ నెమ్మది చేయడమా?

ఇన్‌వర్టింగ్ బక్-బూస్ట్ (ప్లస్ వోల్టేజి నుంచి మైనస్ వోల్టేజి తయారుచేసే సర్క్యూట్) అవుట్‌పుట్ నిలకడగా లేకపోతే చాలామంది ముందు చేసే పని ఇంకో కెపాసిటర్ అతికించడం. ఒక్కోసారి నయమవుతుంది, ఒక్కోసారి ముదురుతుంది. మూడు మార్గాలనూ ఒకే సర్క్యూట్ మీద తూచి చూద్దాం: ఇన్‌పుట్ 8 నుంచి 16 వోల్టులు, అవుట్‌పుట్ మైనస్ 12 వోల్టులు, లోడ్ 1 ఆంపియర్, స్విచింగ్ 500 కిలోహెర్ట్జ్, ఇండక్టర్ 22 మైక్రోహెన్రీ, పీక్ కరెంట్ మోడ్ ఐసీ (ఇండక్టర్ కరెంట్ నిర్ణీత శిఖరానికి చేరగానే స్విచ్ ఆపేది).

ఏ మార్గమైనా ఎంచుకునే ముందు స్కోప్ పెట్టాలి. ప్రోబ్ పొడవాటి గ్రౌండ్ వైరు తీసేసి, చిన్న స్ప్రింగ్ గ్రౌండ్ వాడి, కెపాసిటర్ కాళ్ల దగ్గరే కొలవండి. ఇన్‌పుట్ 8 వోల్టులకు దించి, లోడు నిండుగా ఇవ్వండి. ఈ సర్క్యూట్‌కు అన్నిటికన్నా కష్టమైన చోటు అదే. అవుట్‌పుట్ మీద కొన్ని కిలోహెర్ట్జ్‌ల నున్నటి అల కనిపిస్తే లూప్ (అవుట్‌పుట్‌ను గమనిస్తూ సరిదిద్దే ఫీడ్‌బ్యాక్ వలయం) ఊగుతోందని అర్థం. స్విచ్ నోడ్ (స్విచ్, ఇండక్టర్ కలిసే చోటు) మీద ఒక పల్స్ వెడల్పుగా, తర్వాతిది సన్నగా, మళ్లీ వెడల్పుగా వస్తుంటే అది సబ్‌హార్మోనిక్ ఊగిసలాట. ఈ రెండు జబ్బులకూ మందు ఒకటి కాదు. తేలిక లోడులో మాత్రమే కనిపించి, లోడు పెంచగానే పోయే రిపుల్ (అవుట్‌పుట్ మీది చిన్న అల) చాలావరకు పల్స్ స్కిప్పింగ్, అంటే ఐసీ కొన్ని పల్స్‌లను వదిలేయడం, దాన్ని పట్టించుకోకండి. రెండో ఛానల్ ఇన్‌పుట్ మీద పెట్టడం మరవద్దు. ఇన్‌పుట్ తానే కుంగుతుంటే అవుట్‌పుట్ వైపు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు.

లూప్ ఎందుకు ఊగుతుందో చూద్దాం. స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఇండక్టర్ ఇన్‌పుట్ నుంచి నింపుకుంటుంది, డయోడ్ మూసుకుని ఉంటుంది, లోడును కెపాసిటర్ ఒక్కటే మోస్తుంది. లోడు పెరగగానే కంట్రోలర్ ఆన్ సమయం పెంచుతుంది. దాంతో అవుట్‌పుట్‌కు కరెంట్ వెళ్లే సమయం తగ్గి, వోల్టేజి ముందు ఇంకా కుంగి, ఆ తర్వాతే లేస్తుంది. లూప్ ఈ తిరకాసు కన్నా వేగంగా స్పందిస్తే తప్పు దిశలో తోస్తూనే ఉంటుంది. దీన్నే ఆర్‌హెచ్‌పీ (రైట్ హాఫ్ ప్లేన్) జీరో అంటారు. 8 వోల్టుల దగ్గర డ్యూటీ (ప్రతి సైకిల్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే వంతు) 0.6, లోడ్ 12 ఓములు కాబట్టి మన సర్క్యూట్‌లో అది సుమారు 23 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. క్రాసోవర్ (లూప్ గెయిన్ 1కి పడిపోయే ఫ్రీక్వెన్సీ, అంటే లూప్ వేగం) అందులో నాలుగో వంతు, అంటే 5 నుంచి 6 కిలోహెర్ట్జ్ దాటకూడదు. 12 వోల్టుల ఇన్‌పుట్‌తో లెక్క వేస్తే అదే జీరో 43 కిలోహెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. డిజైన్లు బోల్తా పడేది చాలాసార్లు ఇక్కడే.

కెపాసిటర్ పెంచితే రిపుల్ కచ్చితంగా తగ్గుతుంది. 22 మైక్రోఫారడ్, 25 వోల్టుల సిరామిక్‌లు రెండు పెట్టినా, 12 వోల్టుల డీసీ కింద వాటి విలువ సగానికి పడిపోవడం మామూలే. అంటే నిజంగా మిగిలేది 22 మైక్రోఫారడ్‌లు, రిపుల్ సుమారు 55 మిల్లీవోల్టులు. ఇంకో రెండు పెడితే 27 అవుతుంది. కానీ అదే పనిగా క్రాసోవర్ కూడా సగమవుతుంది. అది కాంపెన్సేషన్ (లూప్‌ను సర్దే రెసిస్టర్, కెపాసిటర్ జత) జీరోకు దగ్గరగా జారితే ఫేజ్ మార్జిన్ (లూప్ ఊగకుండా కాపాడే మిగులు) తగ్గి ఊగడం ఇంకా పెరుగుతుంది. కెపాసిటర్ పెట్టాక ముదిరిందంటే కారణం ఇదే.

ఇండక్టర్‌ను 10 మైక్రోహెన్రీలకు దించితే జీరో 51 కిలోహెర్ట్జ్‌కు జరుగుతుంది. వినడానికి బాగుంది. అయితే పీక్ కరెంట్ 2.7 నుంచి 3 ఆంపియర్లకు చేరుతుంది. ఇండక్టర్ సాచురేషన్, ఐసీ కరెంట్ లిమిట్ రెండూ దాన్ని తట్టుకోవాలి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. డ్యూటీ 0.5 దాటిన చోట కావలసిన స్లోప్ కాంపెన్సేషన్ (సబ్‌హార్మోనిక్‌ను అణచడానికి ఐసీ కలిపే వాలు) కనీసం ఇండక్టర్ కరెంట్ దిగే వాలులో సగం ఉండాలి. 22 మైక్రోహెన్రీలకు అది మైక్రోసెకనుకు 0.27 ఆంపియర్, 10కి 0.6. ఐసీ లోపలి స్లోప్ మారదు కాబట్టి, సబ్‌హార్మోనిక్ జబ్బున్న సర్క్యూట్‌లో ఇండక్టర్ తగ్గించడం నిప్పు మీద నెయ్యి పోసినట్టే. అక్కడ ఇండక్టర్ పెంచాలి, లేదా డ్యూటీ తగ్గేలా ఇన్‌పుట్ పెంచాలి.

లూప్ ఊగుతున్నప్పుడు ముందు పట్టుకోవలసింది కాంపెన్సేషన్‌నే. ఎర్రర్ యాంప్లిఫయర్ పిన్‌కు 10 కిలోఓములు, 10 నానోఫారడ్‌లు ఉన్నాయనుకోండి, వాటిని 4.7 కిలోఓములు, 22 నానోఫారడ్‌లుగా మార్చండి. జీరో 1.5 కిలోహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది, క్రాసోవర్ మాత్రం సగమవుతుంది. రెండు చిన్న భాగాలతో పోతుంది, నచ్చకపోతే వెనక్కి తిప్పవచ్చు. బదులుగా లోడు హఠాత్తుగా మారినప్పుడు కుంగుబాటు పెరుగుతుంది: 10 కిలోహెర్ట్జ్ క్రాసోవర్‌తో అర ఆంపియర్ లోడు మార్పుకు సుమారు 0.36 వోల్టు కుంగేది 5 దగ్గర 0.72 అవుతుంది. ఆ కుంగుబాటు లోడుకు నప్పకపోతే అప్పుడు కెపాసిటర్లు రెట్టింపు చేయండి. వాటివల్ల పడిపోయిన క్రాసోవర్‌ను 10 కిలోఓములు, 10 నానోఫారడ్‌లకు తిరిగొచ్చి మళ్లీ 5 కిలోహెర్ట్జ్‌కు తెచ్చుకోవచ్చు. అప్పుడు కుంగుబాటు కూడా తిరిగి సగమవుతుంది.

కాంపెన్సేషన్ పిన్ బయటికి లేని ఐసీ అయితే ఈ వెసులుబాటు ఉండదు. అప్పుడు అవుట్‌పుట్ కెపాసిటరే మొదటి మార్గం. ఒక్కొక్కటిగా కలుపుతూ, ప్రతిసారీ 8 వోల్టుల దగ్గర సగం లోడు నుంచి నిండు లోడుకు మార్చి చూడండి; అల ఒకటి రెండు ఊపుల్లో ఆగిపోయే విలువ దగ్గర నిలపండి.