సముద్రం మూయడమా, చేపను కొలవడమా?

ఒడిశాలో రుషికుల్య నది మొగ దగ్గర మా లెక్క ఇది. తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఒడ్డుకు 20 కిలోమీటర్ల లోపు మోటారు బోటు వల వేయకూడదు. అది ముగియకముందే, ఏప్రిల్ 15న, తూర్పు తీరమంతటికీ 61 రోజుల వేట నిషేధం మొదలై జూన్ 14న విడుస్తుంది. ఒడిశాలో చిన్న ఇంజను పడవలకు ఆ 61 రోజుల్లో మినహాయింపు ఉంది. ఇచ్ఛాపురం దాటి ఆంధ్రాలోకొస్తే ఇంజనున్నదేదైనా ఒడ్డెక్కాల్సిందే. ఒక్క సముద్రానికి రెండు కొలమానాలన్నమాట.

కేరళ నిషేధంతో ఆగలేదు, చేపను కొలిచింది. 2015 నుంచి కవళ్లు 10 సెంటీమీటర్లు, కానాగంతలు 14 సెంటీమీటర్లు లేకుంటే పట్టకూడదు.

ఇక ఐస్‌లాండ్ తరహా కోటా, అంటే బోటుకి ఇన్ని టన్నులని వాటా పంచడం. అది మనకు అతకదు. మన వల ఒక్కసారి లాగితే కవళ్లు, రొయ్యలు, సొరపిల్లలు అన్నీ వస్తాయి. ఒకదాని వాటా అయిపోతే దాన్ని చచ్చాక నీళ్లలో పారేయడమే.

మిగిలినవి రెండు, నిషేధం, కొలత. ట్రాలర్లకు, అంటే వల ఈడ్చే పెద్ద బోట్లకు, నిషేధమే మేలంటాను. రేవులో కట్టేసిన బోట్లను ఎవరైనా లెక్కపెట్టగలరు, ఇసుక మీద దిగే ప్రతి తట్టనూ కొలవడానికి మనిషి ఎక్కడ దొరుకుతాడు? తాబేలు సంగతీ అంతే. వలలో ఇరుక్కుంటే పైకొచ్చి ఊపిరి తీసుకోలేక చస్తుంది, దానికి సెంటీమీటర్లు అక్కరకు రావు.

చిన్న పడవలకు మాత్రం కొలతే న్యాయం. రోజు కూలీ పడవను నెలల తరబడి కట్టేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. అయితే ఆ కొలత ఎక్కడ వేయాలన్నదే అసలు ప్రశ్న. మొన్న చేపల వేలంపాట దగ్గర చిటికెన వేలంత కవళ్లు కుప్పగా పోశారు. కోళ్ల మేతకు పోయే సరుకు. నేను బెత్తెతో కొలుస్తుంటే వదిన నవ్వింది: "కొలిసి ఏటి సేత్తావు బాబూ, సచ్చిన సేప ఎదుగుతాదేటి?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చేప ఒడ్డుకొచ్చాక వేసే జరిమానా మా పడవ మీదే పడుతుంది, సన్నకన్ను వల అమ్మినవాడు హాయిగా ఉంటాడు. కొలబద్ద పెట్టాల్సింది బరంపురం వలల అంగట్లో, కన్ను మీద.