పెళ్లి ఆల్బమ్‌ల టీముకి ట్రెల్లో: ఉచిత ప్లాన్‌తో ఎంతవరకు నెట్టుకురావచ్చు?

ముహూర్తాలు అయిపోయేసరికి ఓ మోస్తరు ఫోటో స్టూడియోలో పది పదిహేను ఆల్బమ్‌లు తలో దశలో ఆగి ఉంటాయి. ఏది ఎవరి దగ్గరుందో ఓనర్ బుర్రలోనో, వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌ల కిందో వెతుక్కోవాలి. ఈ ఒక్క తలనొప్పికి ట్రెల్లో మంచి మందు. ఏ పని ఏ దశలో, ఎవరి దగ్గరుందో చూపించే ఈ యాప్ 2011లో వచ్చింది, 2017 నుంచి అట్లాసియన్ కంపెనీది. బోర్డు, అందులో లిస్టులు, లిస్టుల్లో కార్డులు. అరగంటలో ఎవరికైనా నేర్పేయొచ్చు.

పెళ్లికో కార్డు పెట్టండి. లిస్టులు ఎడమ నుంచి వరసగా: షూట్ అయింది, బ్యాకప్, సెలక్షన్, డిజైన్, ప్రూఫ్, ప్రింట్, డెలివరీ. సెలక్షన్‌ని మాత్రం రెండు ముక్కలు చేయాలి: 'మన దగ్గర', 'పార్టీ దగ్గర'. లేకపోతే పెళ్లివారు ఫోటోలు ఎంచకుండా నెల నాన్చినా నింద డిజైనర్ మీద పడుతుంది.

ఒక కార్డుకి ఎంతమందినైనా జత చేయనివ్వడం ఈ యాప్‌లో నాకు నచ్చని సంగతి. ముగ్గుర్ని పెట్టారా, ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్టే. కార్డు ఏ లిస్టులో ఉంటే ఆ పని చేసే ఒక్కరి ప్రొఫైల్ ఫోటోయే దాని మీద ఉండాలి. లిస్టు మారగానే పేరూ మార్చాలి. ఈ మార్పుని బట్లర్ అనే ఆటోమేషన్‌కి అప్పగించొచ్చు: 'డిజైన్'లోకి వస్తే డిజైనర్‌ని చేర్చు, గడువు ఏడు రోజులు పెట్టు. ఉచిత ప్లాన్‌లో నెలకి 250 సార్లు నడుస్తుంది, చిన్న స్టూడియోకి సరిపోతుంది. గడువు దాటితే తేదీ ఎర్రబడుతుంది, ఫోన్ చేసి గద్దించే పని తగ్గుతుంది.

'లిస్ట్ లిమిట్స్' అనే పవర్-అప్ (బోర్డుకి అదనంగా తగిలించుకునే సదుపాయం) తప్పక పెట్టుకోండి. ఇద్దరు డిజైనర్లుంటే డిజైన్ లిస్టుకి నాలుగు కార్డుల హద్దు చాలు. దాటితే లిస్టు రంగు మారుతుందే గానీ కార్డుని ఆపదు. ఆపాల్సింది లీడరే. రంగు మారాక కూడా కొత్త పని తోసేస్తే అన్నీ సగం సగం అయి, ఒక్కటీ ప్రెస్సుకి వెళ్లదు. రోజూ పొద్దున పది నిమిషాలు బోర్డు ముందు నిలబడి కుడి నుంచి ఎడమకి చదవండి, డెలివరీకి దగ్గరున్నది ముందు. "నిన్నేం చేశావ్?" అని మనిషిని కాదు, "ఇదెందుకు కదల్లేదు?" అని కార్డుని అడిగితే మాటలు పెరగవు.

ఇక ఇబ్బందులు. ఉచిత ప్లాన్‌లో ఒక వర్క్‌స్పేస్‌కి (టీము బోర్డులన్నీ ఉండే చోటు) పది మందే. బయటి ఎడిటర్‌ని గెస్ట్‌గా పిలిచినా ఆ లెక్కలోకే వస్తాడు. ఒక్కో ఫైలు 10 ఎంబీ దాటకూడదు, కాబట్టి ప్రూఫ్ పీడీఎఫ్ డ్రైవ్‌లో పెట్టి లింకు అతికించడమే. చెక్‌లిస్టులో ఒక్కో అంశానికి విడిగా పేరు, తేదీ కావాలంటే డబ్బు కట్టాలి. పది మంది లోపు టీముకి ఆ ఖర్చు దండగ. దాని బదులు హైలైట్స్ వీడియో లాంటి విడి పనికి వేరే కార్డు తెరిస్తే పోయె.

డెలివరీ అయిన కార్డుని డిలీట్ చేయకండి, ఆర్కైవ్ చేయండి (బోర్డు మీంచి తీసి దాచడం). డిలీట్ అయింది తిరిగి రాదు. ఏడాది తర్వాత పెళ్లికూతురి వాళ్లు ఇంకో కాపీ అడిగితే ఆల్బమ్ సైజు, పేపరు రకం, ఫైలు లింకు అన్నీ ఆ కార్డులోనే దొరుకుతాయి.